‘వచ్చిన కరెంటంతా తిరిగి వెళ్ళిపోతే బిల్లు దేనికి సార్?’: ఒక బీకాం విద్యార్థి కేసు

నేపథ్యం

ఒడిశా గజపతి జిల్లాలోని ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇక్కడ డిగ్రీని ప్లస్ త్రీ అంటారు. 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన నమూనా ప్రకారం ప్రతి డిగ్రీ విద్యార్థీ తన సబ్జెక్టుకి బయట మూడు మల్టీడిసిప్లినరీ పేపర్లు చదవాలి. ఒక్కోటి 3 క్రెడిట్లు. ప్లస్ టూలో చదివిన సబ్జెక్టునే మళ్ళీ తీసుకోకూడదు. అలా బీఏ, బీకాం పిల్లలు మా గదిలోకి వచ్చారు. వీళ్ళు ఫిజిక్స్‌ని చివరిసారి చూసింది పదో తరగతిలో. చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. సరిహద్దు అవతల ఆంధ్రలో పాతపట్నం, మెళియాపుట్టి వైపు చుట్టరికాలున్న కుటుంబాలు.

ఈ పేపర్లో డెరివేషన్లు ఉండవు. చలనం, వేడి, కరెంటు, వెలుగు... ఒక్కోదాంట్లో రెండు మూడు భావాలు గట్టిగా పట్టుబడితే చాలు. ఇక్కడ రాస్తున్నది కరెంటు దగ్గర చిక్కుపడ్డ ఒక బీకాం అబ్బాయి గురించి. గుర్తుపట్టగల వివరాలు మార్చాను. ఒక్కటి మాత్రం మార్చలేదు, ఎందుకంటే కేసంతా దానిమీదే నడిచింది: అతని మేనమామది షామియానా, లైటింగ్ పని. అబ్బాయి చిన్నప్పట్నుంచీ మావయ్య వెంట పందిళ్ళ దగ్గరే పెరిగాడు. జాతరకీ, రథయాత్రకీ, పెళ్ళిళ్ళకీ లైన్లు లాగుతాడు, హోల్డర్లు బిగిస్తాడు. చేతిపనిలో మా ల్యాబ్ అసిస్టెంటు కన్నా చురుకు.

సమస్య

కరెంటు పాఠం మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న ఇస్తాను. ఒక బ్యాటరీ, దానికి వరసగా ఒకదాని తర్వాత ఒకటి కలిపిన రెండు ఒకే రకం బల్బులు. ఏది ఎక్కువ వెలుగుతుంది? రెండూ సమానంగా వెలుగుతాయి. క్లాసులో ఎక్కువమంది మొదటిదే అన్నారు. ఇది మన పిల్లల తప్పు మాత్రమే కాదు. 1980లలో న్యూజిలాండ్‌లో ఆస్బోర్న్, ఇంగ్లండులో షిప్‌స్టోన్ అనే పరిశోధకులు బడిపిల్లల్ని అడిగితే అక్కడా ఇదే ఆలోచన బయటపడింది: బల్బు కరెంటులో కొంత తినేస్తుంది, మిగిలింది ముందుకు పోతుంది.

ఈ అబ్బాయి జవాబూ అదే. తేడా ఏమిటంటే మిగతావాళ్ళు ఊహించి రాశారు, ఇతను తెలిసి రాశాడు. 12 వోల్టుల బ్యాటరీ, 6 ఓమ్‌ల నిరోధం ఇస్తే 2 ఆంపియర్లు అని టక్కున రాసేవాడు. ఆ నిరోధం దాటాక ఎంత అని అడిగితే ‘తగ్గుతుంది’ అనేవాడు. ఎంత తగ్గుతుందంటే ‘అది బల్బుని బట్టి ఉంటుంది సార్.’ మార్కుల లెక్కన చూస్తే ఇతనికి ఏ ఇబ్బందీ లేదు. పరీక్షలో వచ్చే లెక్కలన్నీ చేసేస్తాడు.

పిలిచి కూర్చోబెట్టి, ఎందుకలా అనుకుంటున్నావని అడిగాను. మూడు కారణాలు చెప్పాడు. ఒకటి, టెస్టర్ పెడితే కరెంటు వచ్చే ఫేజు తీగలో వెలుగుతుంది, తిరిగి వెళ్ళే న్యూట్రల్ తీగలో వెలగదు. అంటే బల్బు దాటేసరికి కరెంటు అయిపోయింది. రెండు, వీధి పొడవునా లైట్లు కడితే చివరి లైట్లు మందంగా ఉంటాయి, ముందున్నవి తినేశాయి. మూడోది చెబుతూ నవ్వాడు: ‘వచ్చిన కరెంటంతా తిరిగి వెళ్ళిపోతే మరి బిల్లు దేనికి సార్?’

మూడూ కళ్ళతో చూసినవే. నన్ను ఎక్కువ కంగారుపెట్టింది ఆ వెనకే అన్న మాట. న్యూట్రల్‌ని అతను ‘మిగులు వైరు’ అంటాడు. అందులో మిగిలిందే ఉంటుంది కాబట్టి అది ఏమీ చెయ్యదని నమ్మకం. పందిట్లో స్విచ్ వేసి ఉండగానే ఆ వైరు జాయింటు వట్టి చేతులతో సర్దుతానని మామూలుగా చెప్పాడు. మార్కులకు అడ్డురాని పొరపాటైతే చూసీచూడనట్టు పోవచ్చు. ఇది ప్రాణానికి అడ్డొచ్చేది కాబట్టి, సిలబస్ ఎక్కడికక్కడ ఆపి దీనిమీద కూర్చున్నాను. ఈలోగా ఒక నియమం మాత్రం పెట్టాను: నమ్మినా నమ్మకపోయినా మెయిన్ దించకుండా ఏ వైరూ ముట్టుకోకూడదు. మావయ్యతో కూడా చెప్పించాను.

మొదట ప్రయత్నించినవి

పుస్తకాలన్నిట్లో ఉండే నీటి పోలికతో మొదలైంది. గొట్టంలో నీరు చక్రాన్ని తిప్పుతుంది, నీరు తగ్గదు, ఒత్తిడి తగ్గుతుంది అని. అబ్బాయి తాతగారి భూమి అవతల శ్రీకాకుళం జిల్లాలో వంశధార కాలవ కింద ఉంది. ‘నిజమే సార్, శివారుకి నీరు రాదు. ముందు చేలవాళ్ళు వాడేసుకుంటారు కదా’ అన్నాడు. నేను చెప్పదలచుకున్నదానికి సరిగ్గా ఎదురుగా వెళ్ళి కూర్చుంది పోలిక. నీరు బయటికి పోకుండా లోపలే తిరిగే గొట్టాల చుట్టు గురించి మాట్లాడాలంటే ముందు అలాంటి చుట్టుని అతను ఎక్కడో చూసి ఉండాలి. అతను చూసింది కాలవ. ఆ పోలికని అక్కడే వదిలేశాను.

తర్వాత అమ్మీటర్లు. టార్చి బల్బుకి ముందొకటి, వెనకొకటి. మా ల్యాబ్‌లోని ముల్లు మీటర్లు ముందు 0.28, వెనక 0.27 చూపించాయి. ‘తగ్గింది!’ అని క్లాసంతా అరిచింది. మీటర్లు ఒకదాని చోట ఒకటి మార్చి పెడితే తేడా కూడా మీటరుతోపాటే ముందుకి మారింది, అంటే తప్పు మీటరుది. నలుగురైదుగురు ఒప్పుకున్నారు. ఇతను ఒప్పుకోలేదు. ‘ఇది టార్చి బల్బు, ఇది తినేదెంత? ఈ మీటరుకి అంత చిన్నది కనపడదు.’ వాదనగా చూస్తే ఇది బలమైనదే. అతని సిద్ధాంతానికి ఈ ప్రయోగం ఒక వెనక తలుపు తెరిచే ఉంచింది. ఇలాంటి చోట పెద్ద మీటరు తేవాలనిపిస్తుంది. నాకు అర్థమైంది వేరు: తగ్గుదలని వెతకక్కర్లేనంత పెద్ద సామాను కావాలి, మీటరు అతని చేతికి అలవాటైనదై ఉండాలి.

పక్కవాడితో చర్చించి జవాబు మార్చుకోమనే పద్ధతి కూడా పెట్టాను. మామూలుగా బాగా పనిచేసేది ఇక్కడ వికటించింది. వైరింగ్ విషయంలో క్లాసులో అతనే పెద్ద. చర్చ అయ్యేసరికి ముందు సరిగ్గా రాసినవాళ్ళలో కొందరు కూడా అతని వైపు తిరిగారు. గదిలో అందరూ గౌరవించే పనివాడే తప్పు పక్షాన ఉంటే చర్చ తప్పునే గెలిపిస్తుంది.

దారి మార్చింది ఏమిటి

అతని మూడో కారణాన్ని మొదట హాస్యంగా తీసుకున్నాను. మళ్ళీ ఆలోచిస్తే అసలు ముడి అక్కడే ఉంది. బల్బు దగ్గర ఏదో ఖర్చవుతోందన్న అతని నమ్మకం నిజం. ఖర్చయ్యేది శక్తి. ఆ నిజాన్ని నిలబెట్టుకోవడానికి అతని దగ్గరున్న ఒకే ఒక్క మాట కరెంటు. ‘కరెంటు తరగదు’ అని నేనన్న ప్రతిసారీ ‘ఏమీ ఖర్చవదు’ అన్నట్టే అతనికి వినపడుతోంది. బీకాం చదివేవాడు, నెలనెలా బిల్లు కట్టేవాడు అది ఎలా ఒప్పుకుంటాడు?

కాబట్టి వరస తిరగేశాను. పుస్తకాల్లో ముందు కరెంటు, వోల్టేజీ, నిరోధం, చివర్లో శక్తి, యూనిట్లు. నేను బిల్లుతో మొదలుపెట్టాను. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్-గంట, అంటే 36 లక్షల జౌళ్ళు. మా గది మీటరు మీద ‘3200 ఇంపల్స్ / కిలోవాట్-గంట’ అని రాసుంది. చిన్న ఎర్ర దీపం 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అయినట్టు. ఫ్యాన్లూ లైట్లూ అన్నీ ఆపి, బకెట్లో 10 లీటర్ల నీళ్ళు పోసి, 1000 వాట్ల హీటర్ రాడ్ పెట్టి, పది నిమిషాలు మిణుకులు లెక్కపెట్టమన్నాను. నేమ్‌ప్లేటు ప్రకారం 533 రావాలి. 500 దగ్గర వచ్చింది. ఎందుకు తక్కువైందో అబ్బాయే చెప్పాడు: ‘వోల్టేజీ తక్కువ ఉంది సార్.’ చూస్తే 222. రాడ్డు మీద రాసిన 1000 వాట్లు 230 వోల్టులకి. 222కి అది 930 చిల్లర వాట్లే ఇస్తుంది.

500 మిణుకులంటే 5.6 లక్షల జౌళ్ళు. నీళ్ళు 13 డిగ్రీలు వేడెక్కాయి. 10 కిలోల నీళ్ళని అంత వేడిచెయ్యడానికి 5.4 లక్షల జౌళ్ళు పైచిలుకు పడుతుంది. మిగిలిన కాస్తా బకెట్టుకీ గాలికీ పోయింది. బీకాం పిల్లలకి ఇది తెగ నచ్చింది. మీటరు వైపు పద్దు, నీళ్ళ వైపు పద్దు దగ్గరదగ్గరగా సరిపోయాయి. బిల్లు దేనికో తేలింది: నీళ్ళలోకి చేరిన వేడికి.

ఆ పద్దు కుదిరాకే, అప్పుడు మాత్రమే, కరెంటు దగ్గరికి వెళ్ళాను. కాలేజీ ఎలక్ట్రీషియన్ ఒక ఎక్స్‌టెన్షన్ వైరు పైతొడుగు చీల్చి, లోపలి మూడు తీగల్నీ వాటి ఇన్సులేషన్ చెక్కుచెదరకుండా విడదీసి ఇచ్చాడు. క్లాంప్ మీటరుని ఒక తీగ చుట్టూ తగిలిస్తే ఆ తీగలో ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చెబుతుంది, తెంచక్కర్లేదు. మావయ్య దగ్గరా అలాంటి మీటరే ఉంది కాబట్టి ‘ల్యాబ్ మీటరు’ అన్న సాకు ఉండదు. రాడ్డు టార్చి బల్బు కాదు, దాదాపు కిలోవాట్ సామాను.

ముందు ఊహ రాయించాను. ప్రయోగం చూశాక అడిగితే ‘నేనూ అదే అనుకున్నా’ అంటారు; కాగితం మీద పడ్డ ఊహ తప్పించుకోలేదు. ఫేజులో 4.2 వచ్చింది. న్యూట్రల్లో ఎంత? అబ్బాయి 1 అని రాశాడు. మీటరు 4.2 చూపించింది. రెండు తీగలూ కలిపి క్లాంప్‌లో పెడితే? ఈసారి 8.4 అని రాశాడు. సున్నా వచ్చింది. మీటరు తీసి, ఆపి, మళ్ళీ పెట్టాడు. సున్నానే. కాసేపు తీగల్ని అటూ ఇటూ తిప్పి, న్యూట్రల్‌ని మడిచి ఎదురు వైపునుంచి దూర్చి చూశాడు. 8.4 వచ్చింది. ఎవరూ చెప్పకుండానే ‘ఎదురెదురుగా పోతున్నాయి’ అన్నాడు. ఏసీలో దిశ సెకనుకి వందసార్లు మారుతుంది. ఏ క్షణాన చూసినా ఒకదాంట్లో ఎంత వెళితే, రెండోదాంట్లో అంతే వస్తుంది.

కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్, ఆర్‌సీసీబీ, పనిచేసేది ఈ సున్నా మీదే. ఇళ్ళలో పెట్టేది సాధారణంగా 30 మిల్లీఆంపియర్లది. ఫేజుకీ న్యూట్రల్‌కీ అంత తేడా వస్తే పడిపోతుంది, ఎందుకంటే ఆ తేడా ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతుండవచ్చు. బల్బు నిజంగా కరెంటు తినేదే అయితే స్విచ్ వేసిన ప్రతిసారీ ఆర్‌సీసీబీ పడిపోవాలి. అతను ఎన్నో బిగించాడు, పడ్డం చూడలేదు.

టెస్టర్ సంగతి

ఇంత జరిగినా మొదటి కారణం అలాగే ఉంది. న్యూట్రల్లో 4.2 ఆంపియర్లు పోతుంటే టెస్టర్ ఎందుకు వెలగదు? ఇక్కడ నేను వివరణ మొదలుపెట్టి ఆపేశాను. భూమితో పోలిస్తే పొటెన్షియల్ ఎంత అన్న మాటలు చెబితే తలూపుతాడు, అంతే. దానికి బదులు, ఒకే ప్లగ్గులో రెండు పిన్నుల దగ్గరా టెస్టర్ వెలగడం ఎప్పుడైనా చూశావా అన్నాను.

చూడని వైర్‌మన్ ఉండడు. ‘న్యూట్రల్ కట్టయితే అలా వస్తుంది సార్. లైటు వెలగదు, టెస్టర్ మాత్రం రెంటిలోనూ వెలుగుతుంది.’ బల్బు కరెంటు తినేస్తుంది కాబట్టి అవతల టెస్టర్ వెలగదన్నావు కదా, న్యూట్రల్ తెగినప్పుడు కూడా బల్బు అక్కడే ఉంది, అప్పుడెందుకు తినలేదు అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: ‘అప్పుడు కరెంటు పోవట్లేదు, అయినా వెలుగుతోంది. మామూలప్పుడు పోతోంది, అయినా వెలగట్లేదు. అయితే టెస్టర్ చూపించేది కరెంటుని కాదు సార్.’

ఈ కేసులో అతను తన సిద్ధాంతాన్ని తనే విరగ్గొట్టింది ఇక్కడ. నా క్లాంప్ మీటరు దాన్ని కదిలించింది, విరగ్గొట్టలేదు. మిగతాది తేలిక. న్యూట్రల్‌ని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమిలోకి దించుతారు, కాబట్టి దానికీ మనం నిలబడ్డ నేలకీ మధ్య వోల్టేజీ దాదాపు ఉండదు, టెస్టర్ వెలగదు. న్యూట్రల్ తెగితే బల్బులో కరెంటు లేదు. అందుకే బల్బు రెండు కొసల మధ్య వోల్టేజీ కూడా లేదు. ఫేజు వోల్టేజీ అలాగే అవతలి కొస దాకా వచ్చి కూర్చుంటుంది. ఆ ‘మిగులు వైరు’ని అప్పుడు పట్టుకుంటే చుట్టు పూర్తయ్యేది మన ఒంట్లోంచి. ఇది నేను చెప్పక్కర్లేకపోయింది. జాయింట్లు సర్దిన సంగతి గుర్తొచ్చి అతని మొహమే మారిపోయింది.

మళ్ళీ వెనక్కి

కొన్ని వారాల తర్వాత ఒక జాతర లైను కట్టి, క్లాంప్ మీటరుతో కొలిచి తెచ్చాడు. లైను మొదట్లో 6 ఆంపియర్లు, మధ్యలో 3, చివర 1. ‘తగ్గింది కదా సార్?’ పాత ఆలోచన మళ్ళీ లేచింది, ఈసారి నేనిచ్చిన ఆయుధంతోనే. కొలత తప్పు కాదు. అదే చోట్ల న్యూట్రల్‌ని కొలిచావా అని మాత్రం అడిగాను. కొలవలేదు. తర్వాత కొలిచి వచ్చాడు: 6, 3, 1. ఒక్కోటీ విడిగా ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య కలిపిన లైట్లలో ప్రతిదీ తన వాటా ఫేజులోంచి తీసుకుని న్యూట్రల్లో తిరిగి పోస్తుంది. కరెంటు చీలుతుంది, కలుస్తుంది, తరగదు. జర్మన్ శాస్త్రవేత్త కిర్కాఫ్ 1845లో, 21 ఏళ్ళ విద్యార్థిగా ఉండగా రాసిన నియమం ఇదే. చివరి లైట్లు మందంగా ఉండటానికి కారణం సన్న తీగ: మొదట్లో 226 ఉన్న వోల్టేజీ చివరికొచ్చేసరికి 208. ఆ పోయిన శక్తి తీగని వేడెక్కించింది. సప్లై లైను మధ్యలో ఇస్తే ఈ బాధ తగ్గుతుందని మావయ్యకి ఎప్పటినుంచో తెలుసు. ఎందుకో ఇప్పుడు మేనల్లుడికి తెలిసింది.

ఇంకో పీచు మిగిలింది. వరసలో వెనక ఏం మార్చినా ముందున్న బల్బుకి సంబంధం లేదని అతను అనుకుంటూనే ఉన్నాడు. కరెంటు ఒక్కో మెట్టూ దిగుతూ పోతుందన్న ఊహ అది. దీనికి వాళ్ళు సామాను పరీక్షించుకునే సిరీస్ బోర్డు పనికొచ్చింది. ఫేజు వంద వాట్ల ఫిలమెంట్ బల్బులోంచి సాకెట్‌కి వస్తుంది. సాకెట్‌లో షార్టయిన సామాను పెడితే బల్బు నిండుగా వెలుగుతుంది, ఇస్త్రీపెట్టె పెడితే దాదాపు అలాగే, 40 వాట్ల బల్బు పెడితే వంద వాట్లది వెలిగీ వెలగనట్టు. ముందున్న బల్బుకి వెనక ఏముందో ఎలా తెలిసిందని అడిగాను. రోజూ దాన్ని చూసే సామాను బాగోగులు చెబుతాడు, కానీ ఈ ప్రశ్న ఎప్పుడూ వేసుకోలేదు. 40నీ 100నీ చోట్లు మార్చి చూశాడు. ముందున్నా వెనకున్నా 40 వాట్లదే ఎక్కువ వెలిగింది.

సెమిస్టర్ చివర రాతపరీక్షలో వరస బల్బుల ప్రశ్నలు కారణాలతో సహా సరిగ్గా రాశాడు. వరస మధ్యలో ఒక పక్కదారి చేర్చి ఇచ్చిన ప్రశ్నలో మాత్రం మొదటి బల్బు వెలుగు మారదని రాశాడు. నిజానికి పెరుగుతుంది. మెట్లు దిగే ఊహ సిరీస్ బోర్డు దగ్గర పోయింది, కాగితం మీద ఇంకా ఉంది. దాన్ని ఒక సెమిస్టర్‌లో పూర్తిగా తుడిచెయ్యాలని నేను అనుకోలేదు.

ఈ కేసు తర్వాత నేను స్థిరపరచుకున్న మార్పులు మూడు. శక్తి లెక్క కరెంటు కన్నా ముందు వస్తుంది. తప్పు భావం పట్టుకున్నవాణ్ణి ఎదిరించే ముందు, ఆ భావం అతనికి ఏ పని చేసిపెడుతోందో అడుగుతాను. ఆ పనికి ఇంకోదాన్ని చూపించకుండా దాన్ని లాక్కుంటే ఊరుకోడు, ఊరుకోనక్కర్లేదు కూడా. ఇంకా, చేతిపని తెలిసిన పిల్లలున్న క్లాసులో చర్చని ఆలస్యంగా పెడుతున్నాను, వాళ్ళు తమ పనిలోనే ఎదురుదెబ్బ తిన్న తర్వాత.

అబ్బాయి తర్వాత అడిగిన ప్రశ్నకి నేనిచ్చింది సగం జవాబే. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ పవర్‌హౌస్ నుంచి ఎలక్ట్రాన్లు మన ఇంటిదాకా రావని క్లాసులో చెప్పాను: ట్రాన్స్‌ఫార్మర్లో రెండు చుట్ల మధ్య కరెంటుకి తీగదారే లేదు, పైగా ఏసీలో ఈ రాడ్డు తీగలోని ఎలక్ట్రాన్ అటూ ఇటూ ఊగేది మిల్లీమీటరులో వెయ్యో వంతు దూరం. ‘మరి శక్తి దేంట్లో వచ్చింది?’ క్లాంప్ మీటరు రాగిని ముట్టుకోకుండానే చదువుతోంది కదా, తీగ చుట్టూ ఉన్న ఖాళీలో ఏదో ఉంది, శక్తి దాని వెంట వస్తుంది, పాయింటింగ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1884లో లెక్క కట్టాడు అని చెప్పి వదిలేశాను. 3 క్రెడిట్ల పేపర్లో అంతకు మించి లోపలికి వెళ్ళలేదు.

వచ్చే బ్యాచ్‌కి సిరీస్ బోర్డుని మొదటి వారంలోనే పెడుతున్నాను. మా ల్యాబ్‌కి దాన్ని ఆ అబ్బాయే చేసిచ్చాడు, ఆర్‌సీసీబీతో సహా. వంద వాట్ల ఫిలమెంట్ బల్బులు దొరకడమే కష్టమవుతోంది. ఎల్‌ఈడీ పెడితే ఈ ప్రయోగం నడవదు, లోపలి డ్రైవర్ వోల్టేజీ తేడాని కప్పేస్తుంది. మావయ్య పాత సామానులోంచి ఒక అరడజను ఇప్పించాడు.